ఊరంతా కలిసి గాలిమర పెట్టాలంటే: ఏ రాయితీ మీకు అందుతుంది, ఏది అందదు

"మా దగ్గర గాలి బాగా వీస్తుంది. పది మందిమి కలిసి గాలిమర పెడితే గవర్నమెంటు ఎంత సబ్సిడీ ఇస్తుంది?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ముందు జవాబు చెప్పేస్తే మంచిది. మెగావాట్ల స్థాయి గాలిమరకు, పెట్టుబడిలో ఇంత శాతం అని కేంద్రం చేతికిచ్చే సబ్సిడీ లేదు. ఉన్న మేలంతా పన్నులో, కరెంటు చార్జీల్లో, అప్పులో దాగి ఉంటుంది. మీ సంస్థ ఏ రూపంలో రిజిస్టరైంది, కరెంటు ఎవరు వాడుకుంటారు అన్న రెండింటిని బట్టే అది మీకు అందడమో అందకపోవడమో తేలుతుంది.

మన దేశంలో ఒక ఊరు ఈ పని చేసి చూపించింది. కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గరి ఓడందురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ధర సుమారు 1.55 కోట్లు. అందులో 40 లక్షలు పంచాయతీ సొంత సొమ్ము, మిగతా 1.15 కోట్లు బ్యాంకు అప్పు. మరను ఊళ్లో పెట్టలేదు. గాలి ఉన్న ఉడుమలైపేట వైపు పెట్టారు. ఏడాదికి దాదాపు 6.75 లక్షల యూనిట్లు వస్తే ఊరి అవసరానికి 4.5 లక్షలు సరిపోయాయి, మిగిలింది విద్యుత్ బోర్డుకు అమ్మారు. గాలి ఎక్కడుందో అక్కడికి వెళ్లడం, దాచుకున్న సొమ్ముతో మొదలుపెట్టడం, సొంత వాడకం తేలాకే అమ్మకం గురించి ఆలోచించడం: ఈ మూడూ ఈనాటికీ పనికొస్తాయి. ఆ ధరలు, ఆ అమ్మకపు పద్ధతి మాత్రం ఇప్పుడు దొరకవు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కరెంటు వాడబోయే ప్రతి సర్వీసుకూ గత 12 నెలల బిల్లులు. యూనిట్ల చార్జీ, డిమాండ్ చార్జీ (వాడిన యూనిట్లతో సంబంధం లేకుండా లోడును బట్టి కట్టేది) విడివిడిగా కనిపించాలి.
- గాలిమర పెట్టే చోట కనీసం ఏడాది పాటు మాస్టుతో (గాలిని కొలిచే ఎత్తైన స్తంభం) కొలిచిన గాలి వివరాలు, లేదా పక్కనే నడుస్తున్న మరల మూడేళ్ల మీటర్ రీడింగులు.
- మీ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఈ ఏడాదికి ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వు. వీలింగ్ చార్జీలు (మీ కరెంటును గ్రిడ్ లైన్ల మీదుగా తెచ్చుకున్నందుకు కట్టేవి), లైన్లలో పోయే నష్టాల శాతం, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, దగ్గర కాక బయట కరెంటు కొన్నవాళ్ల మీద పడేది) అందులో ఉంటాయి.
- రాష్ట్ర ప్రభుత్వ తాజా క్లీన్ ఎనర్జీ పాలసీ ప్రతి. ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో టీజీ రెడ్కో ఈ పనులు చూసే నోడల్ ఏజెన్సీలు.
- సభ్యుల మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు. ఇవెందుకో అయిదో మెట్టులో తెలుస్తుంది.

1. ఎవరి బిల్లు తగ్గించాలో తేల్చండి

రైతుల సంఘాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ మోటార్లకు కరెంటు ఉచితం. ఉచితంగా వచ్చే కరెంటు స్థానంలో గాలి కరెంటు పెడితే మిగిలేది సున్నా. బావుల కరెంటు కోసమే గాలిమర అనుకుంటే ఆ ఆలోచన అక్కడితో ఆపేయండి.

లాభం వచ్చేది యూనిట్‌కు ఎక్కువ కట్టే సర్వీసుల మీద. రైస్ మిల్లు, స్పిన్నింగ్ మిల్లు, కోల్డ్ స్టోరేజి, పాల చిల్లింగ్ సెంటరు, గ్రానైట్ కటింగ్, కాలేజీ, ఆసుపత్రి లాంటివి చూడండి. హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసులైతే మరీ మంచిది, 15 నిమిషాలకోసారి లెక్క రాసే ఏబీటీ మీటరు పెట్టడం తేలిక. చిన్న ఎల్‌టీ (లో టెన్షన్) సర్వీసులను ముప్పై నలభై కలిపితే మీటర్ల ఖర్చే లాభాన్ని తినేస్తుంది.

ఓపెన్ యాక్సెస్ అంటే డిస్కం దగ్గర కాక వేరేచోటి కరెంటును గ్రిడ్ లైన్ల మీదుగా తెచ్చుకునే వీలు. 2022 గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు ఇందుకు ఉండాల్సిన కనీస లోడు పరిమితిని ఒక మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు తగ్గించాయి. సొంత వాడకానికైతే ఆ పరిమితి కూడా లేదు. చిన్న సంఘాలకు తలుపు తెరిచింది ఈ మార్పే.

బిల్లులో ఒక జాగ్రత్త. గాలి కరెంటు తగ్గించేది యూనిట్ల చార్జీని మాత్రమే. డిమాండ్ చార్జీ అలాగే ఉంటుంది. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి "మాకు యూనిట్ తొమ్మిది రూపాయలు పడుతోంది" అని లెక్క మొదలుపెడితే మొదటి అడుగులోనే తప్పు జరిగినట్టు.

2. సంస్థ రూపం ఎంచుకోండి

2005 విద్యుత్ నిబంధనల్లో మూడోది మీకు ముఖ్యం. వాడుకునేవాళ్ల చేతిలో ఓటు హక్కున్న వాటా కనీసం 26 శాతం ఉండాలి. ఏడాది ఉత్పత్తిలో కనీసం 51 శాతం వాళ్లే వాడుకోవాలి. రెండూ నెరవేరితే అది క్యాప్టివ్, అంటే సొంత వాడకపు ప్లాంటు. అప్పుడు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి, అదనపు సర్‌చార్జి పడవు. ఇవి చాలా చోట్ల యూనిట్‌కు రూపాయి పైనే ఉంటాయి కాబట్టి, ఒక ఊరి సంఘానికి దొరికే రాయితీల్లో అన్నిటికంటే పెద్దది ఇదేనని మా అభిప్రాయం. పేరుకు రాయితీ అని ఎక్కడా రాసి ఉండదు, అందుకే చాలామంది దీన్ని లెక్కలోనే వేసుకోరు.

*సహకార సంఘం*: 26, 51 శాతాలను సభ్యులంతా కలిసి నెరవేరిస్తే చాలు. ఒక సభ్యుడు తక్కువ వాడినా ఇంకొకరు ఎక్కువ వాడి సర్దవచ్చు. సీజన్‌ను బట్టి వాడకం మారే రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలకు ఇది చాలా అనుకూలం.

*కంపెనీ*: బ్యాంకులు ఇష్టపడే రూపం. కానీ ఒక్కొక్కరూ తమ వాటాకు తగ్గట్టు వాడాలన్న షరతు వర్తిస్తుందని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ముగ్గురికి సమాన వాటాలుంటే 51లో మూడో వంతు, అంటే ఒక్కొక్కరూ ఉత్పత్తిలో 17 శాతం వాడాలి. పది శాతం తేడాను సహిస్తారు కనుక 15.3 శాతానికి తగ్గకూడదు. ఏడాదికి 49 లక్షల యూనిట్ల మర అయితే ఒక్కొక్కరికి ఏడున్నర లక్షల యూనిట్లు. ఒక మిల్లు ఆరు నెలలు మూతపడితే ఏమవుతుందో ముందే ఆలోచించుకోండి.

*పంచాయతీ*: గ్రామసభ తీర్మానం ఒక్కటే చాలదు, అప్పు తీసుకోవడానికి ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. పంచాయతీకి ఆదాయపు పన్ను లేదు. వినడానికి మంచి మాటే కానీ, అయిదో మెట్టులో చెప్పే తరుగుదల రాయితీ దీనివల్లే దక్కదు.

ఈ నిబంధనలు సవరణకు వస్తూనే ఉంటాయి. సంస్థ రిజిస్టర్ చేసే రోజున అమల్లో ఉన్న ప్రతిని చదివి, వాటాల ఒప్పందంలో ఆ పేరాలే ఎత్తి రాయించండి.

3. గాలి లెక్క

చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ గాలి పటాలు ఎక్కడ వెతకాలో చెబుతాయి. ఎన్ని యూనిట్లు వస్తాయో చెప్పవు. మన వైపు అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల గుట్టలు మేలు. కోస్తాలో గాలి వీచినట్టు అనిపిస్తుంది కానీ మరకు కావలసిన ఎత్తులో కొలిస్తే చాలాచోట్ల చాలదు.

నిపుణుల రిపోర్టులో రెండు సంఖ్యలు అడగండి. పీ-50 అంటే సగం ఏళ్లలో అంతకంటే ఎక్కువ, సగం ఏళ్లలో తక్కువ వచ్చే ఉత్పత్తి. పీ-90 అంటే పదింట తొమ్మిదేళ్లు దాటే ఉత్పత్తి. అమ్మేవాళ్లు పీ-50 చూపిస్తారు. అప్పు కిస్తీ మాత్రం పీ-90 మీద కట్టగలగాలి.

సరిచూసుకోవడానికి చిన్న సూత్రం: ఏడాది యూనిట్లను, కిలోవాట్లను 8760తో గుణిస్తే వచ్చిన దానితో భాగించండి. ఓడందురై మరకు 6,75,000 ÷ (350 × 8760) చేస్తే 22 శాతం. పాత చిన్న మరకు అది సహజం. కొత్త ఎత్తైన మరలకు మంచి చోట ముప్పై దాటవచ్చు. ఎవరైనా నలభై పైన చూపిస్తే పక్క మరల మీటర్ రీడింగులు తెమ్మనండి.

4. రాయితీ ఒక్కటీ లేకుండా లెక్క వేయండి

దీన్ని దాటవేయకండి. కింది సంఖ్యలు నమూనా మాత్రమే. మీ కొటేషన్లు, మీ టారిఫ్ పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

- 2 మెగావాట్ల మర, అన్నీ కలిపి 16 కోట్లు. 70 శాతం అప్పు, అంటే 11.2 కోట్లు.
- సామర్థ్యంలో 28 శాతం చొప్పున ఏడాదికి 49 లక్షల యూనిట్లు. లైన్ల నష్టం 8 శాతం పోగా మీ మీటరు దగ్గర 45.1 లక్షలు.
- మిగిలే యూనిట్ చార్జీ 6.50. అందులో వీలింగ్, ట్రాన్స్‌మిషన్ వగైరా 1.30 పోతే 5.20. రెండో మెట్టులో చెప్పిన సొంత వాడకపు ప్లాంటే అనుకున్నాం కనుక సర్‌చార్జి వేయలేదు.
- రాబడి 2.34 కోట్లు. నిర్వహణ, బీమా, స్థలం, షెడ్యూలింగ్ (ఎంత కరెంటు వస్తుందో గ్రిడ్‌కు ముందే చెప్పడం) ఖర్చు 40 లక్షలు. మిగిలేది 1.94 కోట్లు.
- పది శాతం వడ్డీకి 13 ఏళ్ల అప్పు అయితే ఏడాది కిస్తీ దాదాపు 1.58 కోట్లు.

మిగిలినదాన్ని కిస్తీతో భాగిస్తే 1.23. బ్యాంకు చూసేది ఈ సంఖ్యనే. ఇప్పుడు ఉత్పత్తి పది శాతం తగ్గిన ఏడాది వేయండి: రాబడి 2.11, మిగులు 1.71, నిష్పత్తి 1.08. కిస్తీ కడతారు గానీ ఊపిరాడదు. ఆ ఏడాదే గేర్‌బాక్సు పోతే జేబులోంచి పెట్టాలి. అందుకే ఆరు నెలల కిస్తీకి సరిపడా సొమ్ము విడిగా డిపాజిట్ చేసి, దాన్ని ప్రాజెక్టు ఖర్చులోనే చూపండి.

ఈ మెట్టులో నిష్పత్తి ఒకటికి తగ్గితే ఏ రాయితీ ఆ ప్రాజెక్టును నిలబెట్టలేదు.

5. ఇప్పుడు రాయితీలు ఒక్కొక్కటే కలపండి

*వేగవంతమైన తరుగుదల.* గాలిమర విలువలో ఏడాదికి 40 శాతం చొప్పున తరుగుదల చూపి పన్ను తగ్గించుకోవచ్చు. 2017కు ముందు ఇది 80 శాతం ఉండేది, పాత ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంకా అదే కనిపిస్తుంది. 15 కోట్ల యంత్రానికి మొదటి ఏడు 6 కోట్ల తరుగుదల. 25.17 శాతం పన్ను కట్టే కంపెనీకి 1.51 కోట్ల ఆదా.

ఆ ఆదా దక్కేది మరను సొంతం చేసుకున్న సంస్థకే, దానికి ఆ ఏడాది అంత లాభం ఉంటేనే. మీరు కొత్తగా పెట్టిన ఉమ్మడి కంపెనీకి లాభమెంత? పై లెక్కలో 1.94 కోట్లలోంచి మొదటి ఏటి వడ్డీ 1.12 కోట్లు పోతే 82 లక్షలు. ఆరు కోట్ల తరుగుదలలో వాడుకోగలిగింది అంతే. మిగతాది కంపెనీ ఖాతాలో ముందు ఏళ్లకు వెళ్తుంది, సభ్యుల సొంత రిటర్నుల్లోకి రాదు. "మీ మిల్లు పన్ను తగ్గుతుంది" అని వాటాలు అమ్మే ఏజెంటు మాట అందుకే నమ్మకండి. సభ్యుల్లో ఒక్కరికే పెద్ద పన్ను భారం ఉంటే, మర మొత్తం ఆ ఒక్క సంస్థ పేరనే సొంత వాడకంగా పెట్టడం మేలు కావచ్చు. ఆడిటర్‌తో రెండు విధాలా లెక్క వేయించండి.

తేదీ కూడా చూసుకోండి. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకు తక్కువ వాడితే ఆ ఏడు సగం తరుగుదలే. అంటే దాదాపు అక్టోబరు 3లోపు మర తిరగాలి. దాటితే 6 కోట్ల బదులు 3 కోట్లు. పోయిన సగం ఆ తర్వాతి ఏళ్లలో వస్తుంది, కనుక నష్టం సొమ్ములో తక్కువ, సమయంలో ఎక్కువ.

*జీఎస్టీ.* 2025 సెప్టెంబరు 22 నుంచి గాలిమరల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. యంత్రం, పని కలిపి ఒకే కాంట్రాక్టు ఇస్తే 70 శాతాన్ని సరుకుగా, 30 శాతాన్ని సేవగా లెక్కిస్తారు. సేవ మీద 18 శాతం. కలిపితే 8.9 శాతం, ఇంతకుముందు 13.8. పద్నాలుగు కోట్ల కాంట్రాక్టుకు తేడా 68 లక్షల పైమాటే. కరెంటు అమ్మకం మీద జీఎస్టీ లేదు కనుక కట్టిన పన్ను తిరిగి రాదు, అది పూర్తిగా మీ ఖర్చే. పాత రేటుతో కొటేషన్ వస్తే వెనక్కి పంపండి.

*బ్యాంకింగ్.* అధిక యూనిట్లను గ్రిడ్‌లో దాచుకునే వీలు. 2022 నిబంధనల ప్రకారం కనీసం నెలవారీగా ఇవ్వాలి. చిక్కల్లా గాలి స్వభావంలో ఉంది. మన దగ్గర మే చివరి నుంచి సెప్టెంబరు వరకు మర విరగదిరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెలవారీ పద్ధతిలో జులైలో మిగిలిన యూనిట్లు జనవరికి రావు. నెలాఖరుకు రద్దయిపోతాయి, వాటికి ధ్రువపత్రాలు (కింద చెప్పే ఆర్ఈసీలు) మాత్రం దక్కుతాయి. కాబట్టి మర పరిమాణాన్ని ఏడాది వాడకంతో పోల్చకండి. పన్నెండు నెలలకూ ఉత్పత్తి, వాడకం పక్కపక్కన రాయండి. జూన్, జులై, ఆగస్టుల్లో ఉత్పత్తి మీ వాడకాన్ని బాగా మించితే చిన్న మరకు మారండి, లేదా వానాకాలంలో ఎక్కువ కరెంటు వాడే సభ్యుణ్ని చేర్చుకోండి. మంచి ప్రాజెక్టులు కూడా చాలావరకు దెబ్బతినేది ఈ పట్టిక వేయకపోవడం వల్లనే.

*ఆర్ఈసీలు.* వెయ్యి యూనిట్లకు ఒకటి చొప్పున ఇచ్చే, మార్కెట్లో అమ్ముకోగల పునరుత్పాదక ధ్రువపత్రం. వీలింగ్ లేదా ట్రాన్స్‌మిషన్ చార్జీల్లో రాయితీ తీసుకున్న మరకు ఇవి రావు, రెండింట్లో ఒకటే. పైగా 2022 ఆర్ఈసీ నిబంధనలతో వీటికి కనీస ధర పోయింది. కిస్తీ లెక్కలో వీటిని సున్నాగా ఉంచండి.

*అప్పు.* పునరుత్పాదక విద్యుత్‌కు ఒక్కో రుణగ్రహీతకు 35 కోట్ల వరకు ప్రాధాన్య రంగపు రుణంగా రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి అనుమతించింది. అంటే బ్యాంకుకు మీ అప్పు తన లక్ష్యంలో కలుస్తుంది. వడ్డీ బేరానికి ఇది పనికొచ్చే మాట, వడ్డీ తగ్గింపు హక్కు మాత్రం కాదు. పునరుత్పాదక ప్రాజెక్టులకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇరెడా కొటేషన్ ఒకటి చేతిలో పెట్టుకుని మీ బ్యాంకుతో మాట్లాడండి.

*గడువు తీరినవి.* యూనిట్‌కు 50 పైసల ఉత్పత్తి ప్రోత్సాహకం, విద్యుత్ ప్లాంట్ల పదేళ్ల పన్ను మినహాయింపు: ఈ రెండూ 2017 మార్చి 31 తర్వాత ప్రారంభమైన మరలకు లేవు. కొత్త కంపెనీలకు 15 శాతం పన్ను రేటు 2024 మార్చి 31తో ముగిసింది. అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ చార్జీల పూర్తి మాఫీ 2025 జూన్ 30తో ఆగి, అక్కడి నుంచి ఏటా మెట్లుగా తగ్గుతోంది. రాష్ట్రంలోనే వాడుకునే మీకు దానితో పనే లేదు. రైతుల సౌర విద్యుత్ పథకం పీఎం కుసుమ్‌లో యూనిట్‌కు 40 పైసలు ఇస్తారని కొందరు రాస్తారు. అది కరెంటు కొనే డిస్కంకు వెళ్లే సొమ్ము, ప్లాంటు పెట్టినవారికి కాదు. ప్రాజెక్టు రిపోర్టులో వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రిపోర్టు పాతదాని నకలు అనుకోండి.

డెన్మార్క్ ఉదాహరణలు చదివి వచ్చేవాళ్లకు ఒక మాట. కోపెన్‌హాగన్ తీరంలోని మిడెల్‌గ్రుండెన్‌లో 2000లో పెట్టిన 20 మరల్లో సగం ఎనిమిది వేలకు పైగా జనం వాటాలుగా కొన్నారు. అక్కడ కరెంటు అమ్మకానికి మద్దతు ధర ఉండేది. మన దగ్గర 2017 ఫిబ్రవరి వేలంలో గాలి కరెంటు ధర యూనిట్‌కు 3.46 రూపాయలకు దిగింది. అమ్మకం మీద ఆధారపడే ఊరి ప్రాజెక్టుకు చోటు తగ్గింది, సొంత వాడకానికి పెరిగింది.

6. అనుమతుల వరుస

డబ్బు కట్టే ముందు గ్రిడ్. సబ్‌స్టేషన్‌లో ఖాళీ ఉందని ట్రాన్స్‌కో లేదా డిస్కం రాతపూర్వకంగా ఇవ్వకముందు స్థలానికి అడ్వాన్సు ఇవ్వకండి. తర్వాత నోడల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్, భూమి మార్పిడి, విమానయాన, రక్షణ శాఖల ఎత్తు అనుమతి, అప్పు మంజూరు, ఆపైన ఆర్డరు. మర మోడల్ కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఆమోదిత జాబితాలో ఉండాలి. చౌకగా దొరికే పాత మరలు కొనేవాళ్లు ముఖ్యంగా ఇది చూసుకోవాలి. నిలబెట్టాక ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ, ఏబీటీ మీటర్లు, ప్రారంభ ధ్రువపత్రం, ఓపెన్ యాక్సెస్ ఒప్పందం. ఓపెన్ యాక్సెస్ దరఖాస్తుకు 15 రోజుల్లో జవాబు రాకపోతే మంజూరైనట్టే అని 2022 నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు రసీదు తేదీతో సహా భద్రపరచండి.

7. కాంట్రాక్టులో రాయించవలసినవి

"95 శాతం అందుబాటు గ్యారంటీ" అంటారు. అది మర సిద్ధంగా ఉన్న సమయం, తయారైన యూనిట్లు కాదు. గ్రిడ్ ఆగిన గంటలు అందులో కలపరు. పవర్ కర్వ్ (ఏ గాలి వేగానికి ఎంత కరెంటు రావాలన్న లెక్క) గ్యారంటీ, గాలి ఎక్కువుండే జూన్–సెప్టెంబరులో ఆగితే విడి పరిహారం రాయించండి. నిర్వహణ చార్జీ ఏటా ఎంత పెరుగుతుందో పది పన్నెండేళ్లకు సంఖ్యల్లో ఉండాలి. చివరి పది శాతం సొమ్మును ఒక గాలి సీజన్ గడిచాకే ఇచ్చేలా పెట్టుకోండి.

8. నెలనెలా సరిచూసుకోండి

- మర లోపలి కంట్రోలర్ రీడింగు, పూలింగ్ సబ్‌స్టేషన్ (మరల కరెంటు గ్రిడ్‌లో కలిసే చోటు) మీటరు, మీ బిల్లులో సర్దిన యూనిట్లు: మూడింటినీ ఒక వరుసలో రాయండి. డబ్బు వచ్చేది మూడో దానికే. మొదటిదానికి రెండోదానికి మధ్య తేడా ఒక్కసారిగా పెరిగితే లైనో ట్రాన్స్‌ఫార్మరో చూడాలి. రెండోదానికి మూడోదానికి మధ్య తేడా ఉత్తర్వులోని నష్టాల శాతం దాటితే డిస్కంకు వెంటనే రాయండి.
- షెడ్యూలింగ్ తేడాలకు పడిన జరిమానా విడి కాలమ్‌లో ఉంచండి. అంచనా చెప్పే ఏజెన్సీని మార్చాలా వద్దా అన్నది అదే చెబుతుంది.
- సభ్యులు ఒక్కొక్కరి వాడకం ఎంత శాతమైందో డిసెంబరు చివరకు లెక్క తీయండి. 51 శాతం కొలిచేది ఏడాది మొత్తం మీద, మార్చిలో తెలిస్తే దిద్దుకునే సమయం ఉండదు. ఆ ఏడు షరతు తప్పితే ఉత్పత్తి మొత్తాన్నీ మామూలు అమ్మకంగా చూసి, వాడిన ప్రతి యూనిట్‌కూ సర్‌చార్జి వేస్తారు. డిసెంబరులో లోటు కనిపిస్తే మిగిలిన మూడు నెలల్లో మిల్లు షిఫ్టులు పెంచవచ్చు. వాటాలు బదిలీ చేసే ఆలోచన ఉంటే మాత్రం, ఆ ఏడాది మధ్యలో మారిన వాటాను ఎలా లెక్కిస్తారో డిస్కం నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి.